చెంగిజ్ ఖాన్ మూసిన తలుపు

ఈమధ్య మా ఆఫీసులో వ్యక్తిత్వ వికాసం పేరిట ఒక పూటంతా కూర్చోబెట్టి ఉపన్యాసం ఇప్పించారు. వచ్చినాయన మంచి మాటకారి. మామూలుగా వచ్చే పారిశ్రామికవేత్తలూ క్రికెట్ ఆటగాళ్ళూ అయిపోయాక చెంగిజ్ ఖాన్‌ను రంగంలోకి దించాడు. చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకుని, అయినవాళ్ళు గడ్డిమైదానంలో వదిలేసి పోతే వేళ్ళూ దుంపలూ తవ్వుకు తిని బతికిన పిల్లవాడు సగం ప్రపంచాన్ని గెలిచాడట. కారణం ఒక్కటేనట: ఎవరి పుట్టుకనూ లెక్కచేయలేదు, సత్తా చూసి పదవి ఇచ్చాడు. హాలంతా చప్పట్లు. భోజనాల దగ్గర ఒక పెద్దాయన పళ్ళెం పట్టుకుని నా పక్కకు వచ్చి, "చూశారా, ఎనిమిది వందల ఏళ్ళ క్రితమే కోటాలూ సిఫారసులూ లేని రాజ్యం!" అని మురిసిపోయారు.

నా పేచీ ఆ మురిపెంతోనే. చెంగిజ్ ఖాన్ మీద తెలుగులో మంచి నవలే ఉంది కనుక మా తరంలో చాలామందికి ఆయన పరాయివాడు కాడు. సత్తా చూసి పదవులిచ్చాడన్న మాటా నిజమే. కానీ ఆయన పోయాక ఇంచుమించు ఆరు వందల ఏళ్ళపాటు ఆ మైదానాల్లో చెల్లిన నియమం మరొకటి ఉంది. ఆయన కొడుకుల సంతతిలో మగవాడిగా పుట్టనివాడు ఖాన్ అనిపించుకోకూడదు. ఎన్ని యుద్ధాలు గెలిచినా, ఎన్ని నగరాలు ఏలినా సరే. పుట్టుకను పట్టించుకోలేదని మనం మెచ్చుకుంటున్న మనిషి పేరు మీదే ఇంత గట్టి పుట్టుక నియమం ఎలా నిలబడింది? తాత కట్టింది మనుమలు పాడుచేశారని తేల్చేయడం తేలిక. నాకు అలా అనిపించదు. ఆ నియమానికి పునాది వేసింది ఆయనే. అసలు కింద సత్తాకు అంత చోటు దొరికిందే పైన ఆ నియమం ఉండబట్టి.

కొలిమి తిత్తి మోసుకొచ్చిన ఇల్లు

ముందు ఆ వక్త పక్షాన చెప్పాల్సింది చెప్పేస్తాను. జెబె శత్రువుల తరఫున బాణం వేసి తెమూజిన్ (చెంగిజ్ అసలు పేరు అదే) గుర్రాన్ని కూల్చినవాడు. ఓడిపోయి వచ్చాక ఆ బాణం తనదేనని దాచకుండా ఒప్పుకున్నాడు. తెమూజిన్ అతణ్ణి చంపలేదు సరికదా తన మనిషిని చేసుకున్నాడు. తర్వాత కాస్పియన్ సముద్రాన్ని చుట్టి వెళ్ళి, 1223లో కల్కా నది దగ్గర రష్యన్ రాజులను ఓడించిన ఇద్దరు సేనానుల్లో అతనొకడు. రెండోవాడు సుబుతాయ్. అతనిది ఉరియాంఖాయ్ తెగ. జెల్మెకు తమ్ముడి వరస. జెల్మె తండ్రి కొలిమి తిత్తి వీపున వేసుకుని బుర్ఖాన్ ఖల్దూన్ కొండ దిగి వచ్చి, నీ గుర్రానికి జీను కడతాడు, నీ వాకిలి తెరుస్తాడు, ఉంచుకో అని కొడుకును తెమూజిన్‌కు అప్పగించిన ఘట్టం 'మంగోలుల రహస్య చరిత్ర'లో ఉంది. అటువంటి ఇంటి నుంచి వచ్చిన సుబుతాయ్ 1241లో హంగరీ రాజు సైన్యాన్ని మోహీ దగ్గర తుడిచిపెట్టాడు.

బదాయ్, కిష్లిక్ అనే ఇద్దరు గుర్రాల కాపరుల కథ నాకు ఇంకా ఇష్టం. 1203లో తెమూజిన్ మీద దాడికి యజమానులు వేసుకున్న పథకం చెవిన పడితే రాత్రికి రాత్రే పోయి కబురు చెప్పారు. 1206లో ఓనన్ నది పుట్టిన చోట కురుల్తాయ్, అంటే పెద్దల సభ, జరిగి, సైన్యాన్ని 95 'వేయి' దళాలుగా పంచినప్పుడు వాళ్ళ పేర్లు కూడా దళపతుల జాబితాలో ఉన్నాయి. ఆ జాబితా చదువుతుంటే బానిసలు, కాపరులు, నిన్నటి శత్రువులు ఒకరి వెనక ఒకరు వస్తారు. ఆ కాలానికి అది మామూలు విషయం కాదు.

తెమూజిన్ మాత్రం ఏ వంశమూ లేనివాడు కాడు. ఖబుల్ ఖాన్‌కు మునిమనుమడు, బోర్జిగిన్ వంశస్థుడు. ఆస్తి పోయింది కానీ పేరు పోలేదు. అయితే ఆ వంశంలో అతనిది పెద్ద శాఖ కాదు. ఖబుల్ పెద్దకొడుకు సంతతి జుర్కిన్‌లు వేరే ఉన్నారు. పద్ధతి ప్రకారం వాళ్ళ మాటకే ఎక్కువ విలువ ఉండాలి. వాళ్ళను ఏం చేశాడు? నాయకుడు సాచా బెకిని పట్టి చంపించాడు. వాళ్ళలో పేరుమోసిన మల్లుడు బూరి బోకోను కుస్తీ పేరుతో రప్పించి, తన సవతి తమ్ముడు బెల్గుతెయ్ చేత వెన్ను విరిపించాడు. ఆ తర్వాత తాతార్‌లు, కెరెయిత్‌లు, నైమాన్‌లు, మెర్కిత్‌లు. ఆ తెగల పెద్ద ఇళ్ళన్నిటినీ వరసగా నేలమట్టం చేసి, జనాన్ని దళాలుగా విడగొట్టి కలిపేశాడు. చివరికి అన్నదమ్ముల ప్రమాణం చేసుకున్న జముఖా కూడా మిగల్లేదు.

సత్తాను చూశాడని మనం మురిసిపోయే ప్రతిచోటా ఈ రెండో పని కూడా జరుగుతోంది. మిగతా వంశాల పలుకుబడి మొత్తం ఊడ్చేసిన మైదానంలో నిలబడింది ఒకే ఒక్క వంశం. ఆ ఊడ్చేసిన నేల మీద కాపరి కొడుకైనా ఎంత ఎత్తుకైనా ఎదగవచ్చు, ఆ ఒక్క తలుపు దగ్గరికి వచ్చేదాకా.

సుబుతాయ్‌ని నమ్మడానికి కారణం

సుబుతాయ్ లాంటి మొనగాడి చేతిలో సైన్యాన్ని పెట్టి, ఏళ్ళ తరబడి కంటికి కనబడనంత దూరం పంపడానికి ఒక రాజుకు ధైర్యం ఎక్కడి నుంచి వస్తుంది? గెలిచి తిరిగొచ్చే సేనాని ఎంత ప్రమాదమో మన చరిత్రలోనే కావలసినన్ని సార్లు చూశాం. దేవగిరి సొమ్ముతో తిరిగొచ్చిన అల్లాఉద్దీన్ ఖిల్జీ 1296లో కన్నతండ్రిలా పెంచిన జలాలుద్దీన్‌ను చంపించి సింహాసనం ఎక్కాడు. సుబుతాయ్ ఆ పని చేయలేదు. అతను మంచివాడు కనుక అనుకోవడం కన్నా, చేసినా ఒక్కడూ అతణ్ణి ఖాన్ అని పిలవడు కనుక అనుకోవడం నాకు సబబుగా తోస్తుంది. ఓనన్ ఒడ్డున చెప్పకుండానే అందరికీ తెలిసిన విషయం అదే. నీకు వెయ్యిమందిని ఇస్తాను, పదివేలమందిని ఇస్తాను, దేశాలిస్తాను, ఆ ఒక్క కుర్చీ మాత్రం మా ఇంటిది.

పైగా కింది పదవులు కూడా రెండో తరానికే ఆస్తులైపోయాయి. దళపతుల కొడుకులు ఖాన్ సొంత కావలిదళంలో చేరాలన్నాడు. అది శిక్షణకు శిక్షణ, తాకట్టుకు తాకట్టు. తండ్రి పోతే అతని దళం కొడుక్కి. ముఖలి కుటుంబం జుర్కిన్‌ల దగ్గర వంశపారంపర్యంగా ఊడిగం చేసింది. ముఖలి తన సత్తాతోనే పైకి వచ్చి, 1217 నుంచి ఉత్తర చైనా యుద్ధం మొత్తం నడిపాడు. అతని మునిమనుమడు అంతోంగ్‌ను చెంగిజ్ మనుమడు, చైనాను ఏలిన కుబ్లాయ్ 1265లో మహామంత్రిని చేసినప్పుడు ఆ కుర్రాడికి ఇరవై ఏళ్ళైనా దాటలేదు. అంతోంగ్ సమర్థుడే కావచ్చు. కానీ ఆ వయసులో ఆ పదవి ఇప్పించింది మాత్రం ముత్తాత పేరు.

వంశమూ లేక, సత్తా మాత్రమే ఉండి పైకి వచ్చినవాళ్ళ గతి చూడాలంటే ఇరాన్ పోవాలి. యూదు కుటుంబంలో పుట్టిన వైద్యుడు రషీదుద్దీన్ అక్కడి మంగోల్ పాలకుడు ఘాజాన్ ఖాన్ కాలంలో వజీరు అయ్యాడు, మంగోలుల చరిత్రను అంత వివరంగా రాసిపెట్టాడు, తబ్రీజ్‌లో తన పేరిట ఒక విద్యానగరమే కట్టాడు. 1318లో సుల్తానుకు విషం పెట్టాడన్న నింద మోపి ఆ ముసలివాణ్ణి చంపారు, అతని పేటను దోచుకున్నారు. ఇచ్చిన చేయి తీసేసుకుంటే అడ్డుపడేవాడు ఎవడూ లేడు.

గుడారంలో గొడవ

ఇంతకూ ఆ రక్తం ఎంత గట్టిది?

మధ్య ఆసియాలోని ఖ్వారజ్మ్ రాజ్యం మీద దండెత్తే ముందు, అంటే 1219 ప్రాంతంలో, తర్వాత ఎవరన్న ప్రశ్న ఖాన్ భార్యల్లో ఒకరైన యిసుయ్ ధైర్యం చేసి అడిగింది. నిజమే, నేనూ మరిచిపోయాను, ఎవరూ గుర్తు చేయలేదు అని ఖాన్ పెద్దకొడుకు జోచిని మాట్లాడమన్నాడు. జోచి నోరు తెరవకముందే రెండోవాడు చగతాయ్ లేచాడు. మెర్కిత్‌లకు పుట్టినవాడి కింద మేం బతకాలా అన్నాడు. జోచి అతని కాలరు పట్టుకున్నాడు. మా నాన్న నన్ను ఎన్నడూ వేరుగా చూడలేదు, నీకు నాకన్నా ఏం తెలుసు, మొండితనం తప్ప అన్నాడు. విలువిద్యలో ఓడితే బొటనవేలు కోసుకుంటానన్నాడు, కుస్తీలో ఓడితే పడ్డచోటి నుంచి లేవనన్నాడు. బోఒర్చు జోచి చేయి పట్టి, ముఖలి చగతాయ్ చేయి పట్టి లాగుతున్నారు. తండ్రి మాట్లాడకుండా కూర్చున్నాడు.

సంగతి అందరికీ తెలిసిందే. పెళ్ళైన కొత్తలో తెమూజిన్ భార్య బోర్తెను మెర్కిత్‌లు ఎత్తుకుపోయారు. తెమూజిన్ సైన్యాలు కూడగట్టుకుని వెళ్ళి విడిపించుకొచ్చాడు. కొద్దికాలానికే జోచి పుట్టాడు. ఎవరి కొడుకో బోర్తెకైనా తెలుసో లేదో. ఖాన్ చివరికి అన్నది ఇంతే: జోచి నా పెద్దకొడుకు, ఇక మీదట అలా మాట్లాడొద్దు. సింహాసనం మాత్రం జోచికీ ఇవ్వలేదు, చగతాయ్‌కీ ఇవ్వలేదు. మూడోవాడు ఒగెదెయ్‌కి ఇచ్చాడు.

ఈ ఘట్టాన్ని రాసిన 'రహస్య చరిత్ర' రాజకుటుంబం కోసమే రాయించుకున్నది. ఎవరి శాఖకు ఏది మేలో చూసుకుని తర్వాత మార్పులు చేసి ఉండవచ్చన్న అనుమానం పండితులకు ఉంది, నాకూ ఉంది. అయినా అంత ఇబ్బందికరమైన గొడవను ఎవరూ తీసేయలేదంటే అది బాగా నలిగిన విషయమే అయి ఉండాలి.

తర్వాతి కథ చూడండి. ఒగెదెయ్ శాఖ 1251లో చెంగిజ్ నాలుగో కొడుకు తొలుయ్ కొడుకైన మోంకె గద్దెనెక్కగానే ఊచకోతకు గురైంది. ఇరాన్‌లో మోంకె తమ్ముడు హులగు సంతతి 1335లో అబూ సయీద్ వారసుడు లేకుండా చనిపోవడంతో చెల్లాచెదురైంది. చైనా నుంచి కుబ్లాయ్ సంతతిని 1368లో తరిమేశారు. జోచి సంతతి? రష్యా మైదానాలను ఏలిన బంగారు గుంపు వాళ్ళు, షైబానీ ఉజ్బెక్‌లు, కజాన్ ఖాన్‌లు, 1783 దాకా క్రిమియా ఏలిన గిరాయ్‌లు, 1847లో కిర్గిజ్‌ల చేతికి చిక్కి ప్రాణం పోగొట్టుకునేదాకా రష్యాతో పోరాడిన కజక్ ఖాన్ కెనెసారి, అందరూ వాళ్ళే. "నువ్వు ఆయన కొడుకువి కావు" అని సొంత తమ్ముడు నలుగురిలో అన్నవాడి పిల్లలే ఆ రక్తాన్ని చూపించి అన్నిచోట్లా ఎక్కువకాలం గద్దెల మీద కూర్చున్నారు. ఆసియాలో ఒక పెద్ద ప్రాంతంలో 8 శాతం మగవాళ్ళు చెంగిజ్ వంశమేనంటూ 2003 నాటి జన్యు పరిశోధన ఒకటి ఇప్పటికీ ఫోన్లలో తిరుగుతుంటుంది. ఆ పరిశోధన కనుక్కున్నది ఒకే మూలపురుషుడికి చెందిన వై క్రోమోజోమును. ఆ మూలపురుషుడు చెంగిజ్ అన్నది ఊహ. పోల్చి చూడటానికి ఆయన సమాధే దొరకలేదు. దొరికినా జోచి సంగతి తేలేదాకా లెక్క కుదరదు.

అసలు ఆ వంశపు మొదలే అలాంటిది. అలన్ గోవా అనే ఆమెకు భర్త పోయాక ముగ్గురు కొడుకులు పుట్టారు. పెద్దకొడుకులు ఇంట్లో ఉన్న నౌకరు మీద గుసగుసలాడారు. పొగ వెళ్ళే కంతలోంచి వెలుగులా ఒక పురుషుడు వచ్చి వెళ్ళేవాడని ఆమె చెప్పింది. ఆ ముగ్గురిలో చివరివాడు బొదొంచర్. బోర్జిగిన్‌లు అతని సంతతి. పాండవుల పుట్టుక విని పెరిగిన మనకు ఇందులో ఆశ్చర్యపోవడానికేమీ లేదు. వంశమంటే నాళాల్లో పారే రక్తం అనుకుంటాం. అందరూ కలిసి ఒప్పుకున్న మాటే అది. తెమూజిన్‌కు ఈ విషయం తన బిడ్డ విషయంలోనే తెలుసు. తెలిసి కూడా ఆ మాట మీద సామ్రాజ్యాన్ని నిలబెట్టాడు.

అల్లుడి హోదా

తైమూర్ బర్లాస్ తెగవాడు. 1370లో బల్ఖ్ దగ్గర అమీర్ హుసేన్ చచ్చాక అతని భార్య సరాయ్ ముల్క్ ఖానుమ్‌ను పెళ్ళాడాడు. ఆమె చగతాయ్ వంశపు ఖజాన్ ఖాన్ కూతురు. ఆ పెళ్ళితో తైమూర్‌కు 'గుర్గాన్', అంటే ఖాన్‌ల ఇంటి అల్లుడు, అన్న బిరుదు వచ్చింది. ఢిల్లీని 1398లో శ్మశానం చేసినా, 1402లో ఒట్టోమన్ సుల్తాన్ బయజీద్‌ను బంధించినా ఆయన ఖాన్ అనిపించుకోలేదు. ఒగెదెయ్ సంతతికి చెందిన సుయుర్గత్మిష్ అనేవాణ్ణి కూర్చోబెట్టి అతని పేరుతో నాణేలు కొట్టించాడు. అతను పోయాక అతని కొడుకు. అళియ రామరాయలు సదాశివరాయలను ముందు పెట్టుకుని విజయనగరాన్ని ఏలడం చదివిన మనకు ఈ ఏర్పాటు కొత్తేమీ కాదు, అక్కడా అల్లుడే.

సమర్‌కంద్‌లో తైమూర్ సమాధి మీద మనుమడు ఉలుగ్ బేగ్ పెట్టించిన నల్లటి పచ్చరాయి ఉంది. దాని మీద చెక్కిన వంశావళి తైమూర్‌ను బొదొంచర్ దాకా, అక్కడి నుంచి అలన్ గోవా దాకా తీసుకుపోతుంది. అంతటితో ఆగలేదు. వెలుగుగా వచ్చిన ఆ పురుషుడు ప్రవక్త అల్లుడు అలీ సంతతివాడని ఆమె చెప్పినట్టుగా చెక్కారు. మైదానంలోని పాత కథా, ఇస్లాం పవిత్ర వంశమూ ఒకే గుడారం కంతలోంచి దిగివచ్చాయి! చెక్కినవాడు నమ్మి చెక్కాడో లేదో కానీ చదివేవాడికి ఏది కావాలో బాగా తెలిసినవాడు. ఆ వెలుగు అక్కడితో ఆరలేదు. అక్బర్ కోసం అబుల్ ఫజల్ రాసిన వంశ చరిత్రలో అలన్ గోవా గర్భంలో చేరిన తేజస్సే తరతరాలు దాటి అక్బర్‌గా వెలిసింది.

మొఘలులు తమను గుర్కానీలని, అంటే ఆ అల్లుడి వంశస్థులమని, గర్వంగానే చెప్పుకున్నారు. వాళ్ళ పేరుకు అంటుకున్న ఆ పలుకుబడి మన దాకా వచ్చింది. దక్కన్‌లో 1724 నుంచి స్వతంత్రంగానే వ్యవహరించిన నిజాములు 1857 తిరుగుబాటు ముగిసేదాకా హైదరాబాదు నాణేల మీద మొఘల్ చక్రవర్తి పేరే వేశారు. ఈస్టిండియా కంపెనీ కూడా 1835 దాకా బెంగాల్ రూపాయల మీద షా ఆలం పేరును వదల్లేదు. తైమూర్ సుయుర్గత్మిష్ పేరుతో నాణెం కొట్టించాడు, కంపెనీవాళ్ళు తైమూర్ వంశస్థుడి పేరుతో కొట్టారు. ఈ వరస నాకు భలే నవ్వు తెప్పిస్తుంది.

అద్దె ఖాన్‌లు

రష్యాలో జరిగింది మరీ విడ్డూరం. మంగోలుల కాడి నుంచి బయటపడ్డామని గొప్పగా చెప్పుకునే దేశంలో 1575లో భయంకర ఇవాన్ తనంత తానుగా గద్దె దిగి సిమియోన్ బెక్బులాతోవిచ్‌ను సమస్త రష్యాకు మహారాజుగా కూర్చోబెట్టాడు. సిమియోన్ ఎవరయ్యా అంటే 1480లో ఉగ్రా నది దగ్గర ఇవాన్ తాతకు ఎదురు నిలిచి వెనుదిరిగిన అఖ్మత్ ఖాన్‌కు మునిమనుమడు, క్రైస్తవం పుచ్చుకున్నవాడు. ఇవాన్ తన పేరును చిన్నబుచ్చి రాసుకుంటూ అతనికి అర్జీలు పెట్టుకున్నాడు. ఏడాది తిరిగేసరికి సిమియోన్‌ను త్వేర్‌కు పంపించేసి మళ్ళీ తనే ఎక్కాడు. ఎందుకు చేశాడన్న దానిపై చరిత్రకారులు ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. కారణం ఏదైనా, కుర్చీలో ఎవరిని పెడితే జనం నమ్ముతారో ఎంచుకున్నప్పుడు అతని చేయి చెంగిజ్ వంశస్థుడి మీదే పడింది.

మధ్య ఆసియాలోని ఖీవాలో పద్దెనిమిదో శతాబ్దం రెండో సగంలో ఖుంగ్రాత్ తెగ పెద్దలు పెత్తనం చేస్తూ, కజక్‌ల దగ్గర నుంచి చెంగిజ్ సంతతివాణ్ణి ఒకణ్ణి తెచ్చి ఖాన్‌గా కూర్చోబెట్టడం, నచ్చకపోతే పంపేసి ఇంకొకణ్ణి తెచ్చుకోవడం చేశారు. ఆ ఊరివాళ్ళే దానికి ఖాన్‌ల ఆట అని పేరు పెట్టారు. తూర్పున మంచూలు 1635లో చహార్ మంగోలుల చివరి ఖాన్ కొడుకు నుంచి యువాన్ (చైనాలో కుబ్లాయ్ నెలకొల్పిన రాజవంశం) రాజముద్ర సంపాదించారు. మరుసటి ఏడాదే, తర్వాత చైనాను ఏలిన చింగ్ సామ్రాజ్యాన్ని ప్రకటించారు.

మంగోలియాలోనే ఈ నియమం ఎంత మొండిగా బతికిందో మందుఖాయ్ కథ చెబుతుంది. పదిహేనో శతాబ్దం చివర, భర్త పోయిన ఆ రాణిని ఖసర్ సంతతికి చెందిన ఉనెబొలాద్ అనే సమర్థుడు పెళ్ళాడతానన్నాడు. ఖసర్ అంటే చెంగిజ్ సొంత తమ్ముడే. అయినా ఆమె కాదంది. కుబ్లాయ్ సంతతిలో మిగిలిన ఏడేళ్ళ పిల్లవాడు బతుమోంకెను వెతికించి తెచ్చి, ఖాన్‌ను చేసి, అతణ్ణే పెళ్ళాడి, అతణ్ణి పెట్టెలో కూర్చోబెట్టి గుర్రం మీద యుద్ధానికి తీసుకుపోయిందని తర్వాతి మంగోల్ చరిత్రలు చెబుతాయి. తమ్ముడి రక్తం కూడా చాలలేదు! ఈ తలుపును మొదట మూసింది కూడా చెంగిజే. తెబ్ తెంగ్రి అనే మంత్రగాడు, ఒకసారి తెమూజిన్, ఒకసారి ఖసర్ రాజ్యం చేస్తారని ఆకాశం చెప్పిందన్నప్పుడు ఖాన్ తమ్ముడి చేతులు కట్టించాడు. ముసలితల్లి హోఎలున్ రాత్రికి రాత్రి బండి కట్టించుకుని వచ్చి, మీరిద్దరూ తాగింది ఈ పాలేనని రొమ్ములు చూపించి అరిస్తే గానీ వదల్లేదు. తర్వాత ఆ మంత్రగాడి వెన్నూ విరిగింది.

అవతలి పక్షం

ఇంతా విన్నాక ఎవరైనా అనవచ్చు: తోలుబొమ్మలను కూర్చోబెట్టి వెనక నుంచి ఆడించారంటే రక్తానికి నిజంగా విలువ లేదనే కదా? బలవంతుడికి చివరికి అడ్డేముంది?

కొంతవరకు ఒప్పుకుంటాను. తైమూర్ ఏ సుయుర్గత్మిష్‌నూ అడిగి ఏ పనీ చేయలేదు. కానీ బొమ్మ కూడా అక్కర్లేదనుకున్నవాడికి ఏమైందో చూడాలి. పడమటి మంగోలులైన ఒయిరాత్‌ల నాయకుడు ఎసెన్ 1449లో తూమూ దగ్గర చైనా మింగ్ చక్రవర్తినే సజీవంగా పట్టుకున్న ఘనుడు. తన తండ్రి నిలబెట్టిన ఖాన్‌ను ఓడించి 1453లో తానే ఖాన్‌నని ప్రకటించుకున్నాడు. రెండేళ్ళలోపే సొంతవాళ్ళు తిరగబడి చంపేశారు. చక్రవర్తిని బంధించినప్పుడు లేవని అభ్యంతరం ఆ ఒక్క పేరు పెట్టుకోగానే లేచింది.

ఇంకో దారి ఉంది, మతం. ఒయిరాత్‌ల్లోనే గాల్దాన్ 1678లో దలైలామా చేతి మీదుగా ఖాన్ బిరుదు పొందాడు, తర్వాత చైనాను గడగడలాడించాడు. నా వాదనకు ఇది గట్టి దెబ్బే. అయితే ఆ మతం కూడా రక్తం నుంచి తప్పించుకోలేకపోయింది. దలైలామా అన్న బిరుదును 1578లో ఇచ్చింది చెంగిజ్ వంశపు అల్తాన్ ఖాన్. మూడో దలైలామా పోయాక నాలుగోవాడిగా ఎక్కడ పుట్టాడు? అల్తాన్ ఖాన్ మునిమనుమడిగా. మంగోలియాలో మొదటి బోగ్దో, అంటే అక్కడి బౌద్ధుల పెద్ద లామా, మహాశిల్పి జనబజార్, చెంగిజ్ వంశపు తూషెత్ ఖాన్ కొడుకు. పునర్జన్మకు కూడా చిరునామా తెలుసన్నమాట.

నన్ను నిజంగా ఇబ్బంది పెట్టే వాదన మరొకటి. ఆ చివరి తలుపును కూడా తెరిచి ఉంచితే బాగుండేదా? తెరిచి ఉంచినవాళ్ళు మంగోలుల ఎదుటే ఉన్నారు. ఈజిప్టు మమ్లూకులు, అంటే బానిసలుగా కొని సైనికులను చేసినవాళ్ళు. బైబర్స్ కిప్చక్ కుర్రవాడు, మంగోలులు తన నేలను తొక్కేస్తే బానిసగా అమ్ముడుపోయాడు, ఒక కంట్లో పువ్వు ఉంది. 1260లో ఐన్ జాలూత్ దగ్గర మంగోలులను ఓడించిన సైన్యంలో ముందు నడిచాడు. పుట్టుక చూడకుండా సింహాసనం దాకా పోయిన రాజ్యం కావాలంటే వక్తలు వెతకాల్సింది కైరోలో. కానీ బైబర్స్ సింహాసనం ఎక్కిన తీరు? ఆ విజయం నుంచి తిరిగివస్తూ దారిలోనే సుల్తాన్ ఖుతుజ్‌ను చంపి. బైబర్స్ పోయిన రెండేళ్ళకే అతని కొడుకులను పక్కకు నెట్టి ఖలావూన్ ఎక్కాడు. ఆ ఖలావూన్ సంతతి వందేళ్ళు పట్టుకుని వదల్లేదు. తెరిచిన తలుపు దగ్గర కత్తులు దూసుకున్నారు, చివరికి అక్కడా ఒక కుటుంబం గొళ్ళెం పెట్టుకుంది.

అయితే మూసిన తలుపు కూడా శాంతినివ్వలేదు. ఎవరు కాకూడదో తేల్చిన నియమం ఎవరు కావాలో ఎప్పుడూ చెప్పలేదు. కొడుకులు, తమ్ముళ్ళు, పినతండ్రులు, వాళ్ళ పిల్లలు, అందరూ అర్హులే. కుబ్లాయ్‌కీ తమ్ముడు అరిక్ బోకెకూ నాలుగేళ్ళు యుద్ధం. యువాన్ గద్దె మీద 1307 నుంచి 1333 మధ్య ఎనిమిది మంది. బంగారు గుంపులో 1359 తర్వాతి ఇరవై ఏళ్ళలో ఇరవైకి పైగా ఖాన్‌లు. వాళ్ళ వెనక పెత్తనం చేసిన మమాయ్ అనే దండనాయకుడికి ఆ రక్తం లేదు, అతనూ బొమ్మలనే ఆడించాడు. ఏది తక్కువ చెడ్డదని అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఆ సేనానుల్లో ఒకడినై ఉంటే కైరోనే కోరుకునేవాణ్ణేమో, ఆ రాజ్యంలో రైతునైతే రెండూ వద్దనేవాణ్ణి.

నాకు తెలిసిందల్లా ఒకటి. భోజనాల దగ్గర ఆ పెద్దాయన కోటాలు లేని రాజ్యం అన్నారు కదా. అన్నిటికన్నా పెద్ద కోటా ఆ రాజ్యంలోనే ఉంది. నూటికి నూరు పాళ్ళు, ఒకే కుటుంబానికి, ఆరు వందల ఏళ్ళు. దాని నీడలో నిలబడి పోటీపడినవాళ్ళ ప్రతిభను చూసి పోటీ న్యాయంగా జరిగిందనుకుంటున్నాం.

అందరూ బోర్జిగిన్‌లే

సోవియట్ నీడలో ఉన్నప్పుడు మంగోలియాలో చెంగిజ్ పేరెత్తడమే నేరం. 1962లో ఆయన ఎనిమిది వందలవ జయంతికి దదాల్‌లో స్మారకం నిలిపి, తపాలా బిళ్ళలు వేసినందుకు దాని వెనకున్న పార్టీ నాయకుడి పదవి ఊడింది. అంతకుముందే, 1925లో, ఇంటిపేర్లు రద్దయ్యాయి. రాచకుటుంబాలవాళ్ళు ప్రత్యేకంగా కనబడకూడదని. మూడు తరాలు గడిచేసరికి ఎవరిది ఏ వంశమో చాలా ఇళ్ళలో మరిచిపోయారు. 1990 తర్వాత ఇంటిపేర్లు మళ్ళీ తప్పనిసరి చేసినప్పుడు తెలియనివాళ్ళు నచ్చింది పెట్టుకోవచ్చన్నారు. జనం ఎగబడి పెట్టుకున్న పేరు బోర్జిగిన్. బస్సు నడిపేవాళ్ళు, బడిపంతుళ్ళు, గొర్రెల కాపరులు ఒక్క సంతకంతో ఆ వంశంలో చేరిపోయారు. చగతాయ్ చూసి ఉంటే ఎవరి కాలరని పట్టుకునేవాడో.

1981లో అంతరిక్షంలోకి వెళ్ళిన తొలి మంగోలియన్ గుర్రగ్చాకు కూడా పేరు ఎంచుకోవాల్సి వచ్చింది. ఆయన బోర్జిగిన్ జోలికి పోలేదు. ఇంటిపేరు 'సన్సార్' అని రాయించుకున్నాడు, అంటే అంతరిక్షం. తాతలతో పని లేకుండా తను పోయివచ్చిన చోటినే ఇంటిపేరు చేసుకున్నాడు.